జూదశాలలోని ఇంటిదొంగలు

జూదమనగానే మన పల్లెలయందలి పెద్దలకు ముందుగా ధర్మరాజు జ్ఞప్తికి వచ్చును. ఆ వెనుక నలమహారాజు. ఇరువురును ఓడినవారే. జూదమును గూర్చి మనవారు చెప్పుకొన్న కథలు చాలవఱకు ఓడినవాని కథలు. ఆడువారిని ఈ పూటకు విడిచి, ఆట నడపెడి ఇంటిని గూర్చియు, ఆ యింట జీతమునకు కుదిరినవారు ఆ యింటి సొమ్మునే తస్కరించిన తీరును గూర్చియు నేను ముచ్చటింపదలచితిని. ఈ కథ జరిగిన చోటు మనకు బహుదూరము: అమెరికా దేశమున నెవాడా రాష్ట్రమునందలి లాస్ వేగస్ పట్టణము. దూరపు కథ మనకేల యని మీరడుగవచ్చును. పదిమంది సొమ్ము ఒకచోట చేరి, కొందఱి చేతులమీదుగా లెక్కకు వచ్చెడి పని ఎక్కడ జరిగినను ఈ కథలోని చిక్కులే పుట్టును. కావున వినదగినదే యని నా తలపు.

ఈ చిక్కు నేటిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున జూదమునకు ప్రత్యేకముగా ఒక అధ్యక్షుడు గలడు. ఈ గ్రంథము తాళపత్రప్రతి 1905లో మైసూరున శామశాస్త్రిగారి కంటబడి, 1909లో అచ్చయ్యెను. అంతకు ముందు వందల యేండ్లు లోకము దాని పేరు మాత్రమే యెఱుగును. ఆ గ్రంథము ప్రకారము జూదమంతయు ఒక్కచోటనే జరుగవలెను. వేఱుచోట ఆడినవానికి 12 పణముల దండువు. పాచికలను, గవ్వలను అధ్యక్షుడే సమకూర్చవలెను. వానిని మార్చినవానికి దండువు వేఱు. గెలిచిన సొమ్మున నూటికి ఐదు అధ్యక్షుడు పుచ్చుకొనవలెను. పాచికల బాడుగ, నీటి ఖర్చు, చోటు ఖర్చు అదనము. చూచితిరా, రాజునకు రాబడి యొకటి, ఆటలోని మోసమును కనిపెట్టుట యొకటి, రెండును ఒక్క యుద్యోగి చేతనే పెట్టినాడు. అయినను ఉద్యోగులను నమ్మినవాడు కాడు. వారు రాజుసొమ్మును అపహరించు మార్గములు నలువది గలవని లెక్కపెట్టి చెప్పినాడు. నీటిలోని చేప నీరు త్రాగినది లేనిది తెలియనట్లే, ధనాగారమున మసలువాడు ధనము తిన్నది లేనిది తెలియరాదని ఆయన యభిప్రాయము. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడని మనవా రన్నదియు ఈ మాటయే.

ఇక నెవాడా సంగతి. అది ఎడారి సీమ. వెండి గనులు అడుగంటినవి. 1929 తరువాత దేశమంతట వ్యాపారము క్షీణించినది. 1931 మార్చి 19వ తేదీని గవర్నరు బాల్జరుగారు చేవ్రాలు చేయగా, ఆ రాష్ట్రమున జూదము బాహాటముగా నడపుటకు శాసనసమ్మతి కలిగెను. ఆ యేడే దాపుననున్న కొలరాడో నదిపై గొప్ప యానకట్ట పని మొదలయ్యెను. అప్పటికి లాస్ వేగస్ ఐదువేల పైచిలుకు జనముగల చిన్న యూరు. 1945లో రాష్ట్రప్రభుత్వము జూదశాలల మొత్తము రాబడిపై నూటికి ఒకటి చొప్పున పన్ను విధించెను. ఈ పన్ను మాట గుర్తుంచుకొనుడు. ఎంత గెలిచితిమో లెక్క చూపవలసివచ్చిన నాటినుండియే, లెక్కకు రాకముందే తీసివేయవలెనను బుద్ధి బలపడినది.

జూదశాల మోసము చేసి గెలుచునని పలువురి నమ్మిక. నిజమునకు దానికి మోసముతో పనిలేదు. ఒక ఉదాహరణము చెప్పెదను. రూలెట్ అనెడి చక్రపుటాట యున్నది. అమెరికా చక్రమున 38 గదులుండును. ఒక అంకెపై ఒక డాలరు ఒడ్డి గెలిచినవానికి 35 డాలర్లును, ఒడ్డిన డాలరును వచ్చును. అనగా మొత్తము 36. ప్రతి గదియు సరిగా ఒక్కొక్కమారు పడెనని యెంచినచో, 38 డాలర్లు ఒడ్డినవానికి 36 తిరిగివచ్చును. రెండు ఇంటికి మిగులును. నూటికి ఐదు పైచిలుకు. కౌటిల్యుడు చెప్పిన ఐదునకు ఇది యెంత దగ్గఱగా నున్నదో చూడుడు! ఈ లెక్క పగలురాత్రి ఆగక నడచును. అట్టి యింటిలో మోసమునకు చోటు సాధారణముగా బల్లమీద కాదు, లెక్కగదిలో.

లెక్కగది యననేమో చెప్పవలెను. మన తెలుగునాట జూదగృహము నడపుట 1974 నాటి చట్టము ప్రకారము నేరము గనుక మీరట్టిది చూచియుండరు. కాని గుడి హుండీ విప్పుట చూచియుందురు. జూదపుబల్లకు ప్రక్కన సన్నని చీలిక యుండును. ఆటగాడు నోట్లిచ్చి బిళ్ళలు కొనును. ఆ నోట్లను బల్ల నడపువాడు ఆ చీలికగుండ క్రిందనున్న తాళపు పెట్టెలోనికి త్రోయును. వేళకు పెట్టెలు విప్పి, మువ్వురు నలువురు కూడి లెక్కింతురు. బల్లయొద్ద బిళ్ళలు తక్కువపడినచో ఖజానానుండి క్రొత్త బిళ్ళలు వచ్చును. వానితో ఒక చీటీ వచ్చును. ఇచ్చినవాడు, తెచ్చినవాడు, పుచ్చుకొన్నవాడు అందఱును ఆ చీటీపై చేవ్రాలు చేయుదురు. పెట్టెలోని నోట్లు, బల్లపై మిగిలిన బిళ్ళలు, వచ్చిన బిళ్ళల చీటీలు, ఈ మూడింటిని కలిపి చూచిననే ఆ బల్ల గెలుపు తేలును. తిరుమలలో పరకామణికి కూర్చుండువారు పంచె, బనీనులతో మాత్రమే కూర్చుందురు గదా! అట్లే జూదశాలలో బల్ల నడపువారి దుస్తులకు జేబులు లేకుండ చేయుటయో, ఉన్నవానిని కప్పి ముందొక గుడ్డ కట్టుటయో ఆచారము. బల్ల విడిచి పోవునపుడు రెండుచేతులు తట్టి, అరచేతులు తిరగవేసి చూపవలెను. పైకప్పులో సన్నని బాటలుండి, ఒకవైపునుండి మాత్రమే కనబడు అద్దములగుండ కావలివారు క్రిందికి చూచుచుండెడివారు. తరువాతి కాలమున ఆ పని కెమెరాలకు వచ్చినది. ఇంత కట్టుదిట్టము చిన్న యుద్యోగికొఱకు. పెద్ద దొంగతనము మాత్రము ఈ కన్నుల క్రింద జరుగలేదు.

ఆ దొంగతనమునకు ఆంగ్లమున వాడుకలోనున్న పేరు పాలమీది మీగడ తీయుట యని యర్థమిచ్చును. సరియైన పేరే. కడవలో పాలు అన్నియు ఉన్నట్లే కనబడును. సంగతి యేమనగా, ఇతర పట్టణములందలి నేరస్థ ముఠాల నాయకులకు నెవాడాలో జూదశాల నడపుటకు అనుమతి దొరకదు. కావున వారు పరువుగల మనిషి నొకనిని ముందు నిలిపి, తెరవెనుక తామే యజమానులైరి. అట్టి యజమానికి లాభములో వాటా కాగితముమీద రాదు. అందువలన వాటాను లెక్కకు ముందే సంచిలో కట్టి పంపవలెను. లెక్కగదిలో చేయి పెట్టినవాడు జీతగాడే యైనను, ఆతడు తనకొఱకు దొంగిలించినది కొంచెము. తెరవెనుకవానికి చెల్లించినది పెద్దమొత్తము.

1957 మే 2వ తేదీన న్యూయార్కులో ఫ్రాంకు కాస్టెల్లో యను ముఠానాయకుని తలపై ఒకడు తుపాకి పేల్చెను. గుండు చర్మమును గీచిపోయెనుగాని ఆతడు చావలేదు. వైద్యశాలలో పోలీసులు ఆతని జేబు వెదకగా చిన్న కాగితము దొరకెను. అందు ఒక జూదశాల ఏప్రిలు చివరివఱకు గెలిచిన మొత్తము 6,51,284 డాలర్లని వ్రాసియుండెను. ఆ అంకె లాస్ వేగస్‌లో ఆ ఏప్రిలు నెలలోనే తెఱవబడిన ట్రాపికానా యను జూదశాల లెక్కతో సరిపోయెను. ఆ యింటి పత్రములలో కాస్టెల్లో పేరెక్కడను లేదు. తెఱచి నెల తిరుగకముందే వేలమైళ్ళ దూరమున ఒకని జేబులో దాని లెక్కయుండుటకు కారణమేమో వేఱుగ చెప్పవలెనా? నెవాడాలో జూదశాలలను అదుపుచేయుటకు ప్రత్యేక మండలి 1955లోనే యేర్పడియుండెను. తపాలా బిళ్ళంత కాగితము బయలుపెట్టిన రహస్యమును ఆ మండలి అప్పటికి కనిపెట్టలేదు.

నేను విస్తరించి చెప్పదలచినది స్టార్‌డస్టు కథ. 1974లో ఆర్జెంటు అను కంపెనీ పేర అలెన్ గ్లిక్కు అను యువకుడు, ముప్పది రెండేండ్లవాడు, స్టార్‌డస్టును, ఫ్రీమాంటును కొనెను. అంత చిన్నవానికి అంత సొమ్మెక్కడిది? మధ్య అమెరికా రాష్ట్రములందలి లారీ తోలువారు తమ వృద్ధాప్యమునకై జీతములనుండి కూడబెట్టుకొన్న పింఛను నిధి యొకటి గలదు. ఆ నిధినుండి 6 కోట్ల 27 లక్షల 50 వేల డాలర్ల అప్పు ఆతనికి దొరకెను. రాత్రులు నిద్రమాని బండ్లు తోలినవారి ముసలితనపు గంజి సొమ్మది. అప్పు ఇప్పించినవారు ముఠానాయకులు. తరువాత ఆ లారీ సంఘమునకే అధ్యక్షుడైన రాయ్ విలియమ్సు అను పెద్దమనిషి, 1985లో న్యాయస్థానమున సాక్ష్యమిచ్చుచు, ఈ అప్పునకు తోడ్పడినందులకు కాన్సాసు సిటీ ముఠానాయకుడు తనకు నెలకు 1,500 డాలర్లు చొప్పున ఇచ్చుచుండెనని ఒప్పుకొనెను. ఈ యంశము చదివినపుడు నాకు కలిగిన బాధ జూదశాలలో పోయిన డాలర్లను గూర్చి కలుగలేదు. జూదమాడువాడు తెలిసియే పోగొట్టుకొనును. లారీ తోలువాడు జూదమాడనేలేదు.

అప్పు ఇప్పించినవారు ఊరకుందురా? జూదశాలను నిజముగా నడపుటకు ఫ్రాంకు రోసెంతాలు అనువానిని పెట్టిరి. ఆతనికి అనుమతిపత్రము లేదు. 1976లో అడిగినను మండలివారు నిరాకరించిరి. అప్పుడు ఆతడు ఉద్యోగపు పేరు మార్చుకొనెను. ఒకమారు భోజనశాలల అధికారి యనియు, మఱియొకమారు వినోదముల అధికారి యనియు. పేరేదైనను పెత్తనము మారలేదు.

స్లాట్ యంత్రముల పెత్తనము జే వాండర్‌మార్కు అనువానిది. ఈ యంత్రము సంగతి తెలియనివారికి: చీలికలో నాణెము వేసి పిడి లాగిన బొమ్మలు తిరుగును, బొమ్మలు కుదిరినచో నాణెములు రాలును, కుదురనిచో లేదు. దినమునకు మూటలకు మూటలు నాణెములు పోగగును. ఒక్కొక్కటిగా ఎంచుట యసాధ్యము గనుక వానిని త్రాసులో తూచి, తూకమునుబట్టి విలువ కట్టుదురు. మన యంగళ్ళలో తూకపురాళ్ళ మోసము ఎఱుగనివారు లేరు. ఇచ్చటను అంతే. విద్యుత్తుతో పనిచేయు ఆ త్రాసును నిజముకంటె మూడవవంతు తక్కువ చూపునట్లు సవరించిరి. మూడు డాలర్ల నాణెములు పోసిన రెండు డాలర్లని చూపును. త్రాసు చూపిన రెండు పుస్తకములకెక్కును. చూపని యొకటి లోకమున లేనట్లే.

అయితే లేనట్లున్న ఆ నాణెమును ఏమి చేయవలెను? మూటలు మోసికొని బయటికి పోరాదు. నాణెముల బరువు దొంగకు శత్రువు. దానికొక ఉపాయము పన్నిరి. జూదశాలలో ఆటగాండ్రకు చిల్లర ఇచ్చు చిన్న గదులుండును. అచ్చట లెక్కలో లేని వేఱొక చిల్లర నిలువ నేర్పరచిరి. ఆటగాడు నోటిచ్చిన ఆ నాణెములే యిచ్చి, ఆ నోటును తాళమువేసిన ఇనుప పెట్టెలో వేయుదురు. ఆటగాడు ఆ నాణెమును మరల యంత్రమున వేయును. నాణెము ఇల్లు విడువదు. దాని విలువ మాత్రము నోటై బయటికి పోవును. ఎవరి బుఱ్ఱలో పుట్టినదోగాని దీని పొందిక చూచి నేను కొంచెము నివ్వెఱపడితిని. బుద్ధి చక్కని పనికి వినియోగపడక పోయెనుగదా!

1976 మే నెలలో మండలి అధికారులు హఠాత్తుగా స్టార్‌డస్టు లెక్కగదిలో ప్రవేశించిరి. త్రాసు పట్టుబడెను, లెక్కలోలేని పెట్టెలు పట్టుబడెను. వాండర్‌మార్కు ఆ దినమే అదృశ్యుడై మెక్సికోకు పారిపోయెను. ఆ పిమ్మట న్యాయస్థానమున ఎన్నడును కనబడలేదు. నాణెముల రూపమున పోయినది 70 లక్షల డాలర్లవఱకు నుండునని అంచనా వేసిరి. కాని సొమ్ము ఎవరికి పోయినదో అప్పటికి ఋజువు చేయలేకపోయిరి.

ఆ ఋజువు వేఱొక దారిని దొరకెను. 1978లో కాన్సాసు సిటీలో జరిగిన హత్యలను గూర్చి తెలిసికొనుటకు కేంద్రప్రభుత్వ పోలీసులు న్యాయస్థానపు టనుమతితో ఒక భోజనశాలలో రహస్యముగా మాటలు వినెడి యంత్రము నమర్చిరి. హత్యల మాట వినవచ్చునని పెట్టినది లాస్ వేగస్ జూదశాలల మాట వినిపించెను. అచ్చటినుండి తీగ లాగిన డొంక కదలినది. ఆ యేటి నవంబరులో ఒక యింట కార్ల్ థామస్ అను అనుభవశాలియైన జూదశాలాధికారి, ముఠావారికి లెక్కగదిలో సొమ్ము తీయు మార్గములను పంతులు పాఠము చెప్పినట్లు ఒకటొకటిగా వివరించుచుండగా, ఆ పాఠమంతయు యంత్రమున నిలిచిపోయినది. 1979 ఫిబ్రవరి 14న కాన్సాసు సిటీ విమానాశ్రయమున ట్రాపికానానుండి సొమ్ము తెచ్చువానిని ఆపి చూడగా 80,000 డాలర్లు దొరకినవి. ఆ దినమే కార్ల్ డెలూనా అనువాని యిల్లు సోదాచేసిరి.

డెలూనా ఆ ముఠాలో రెండవవాడు. ఆతని యింట దొరకినది ధనముకంటె విలువైనది: లెక్కల కాగితములు. ఎవరికెంత చేరినది, ప్రయాణమునకెంత ఖర్చు, ఎవరెవరు ఎప్పుడు కలిసిరి, అన్నియు తేదీలతో వ్రాసియుంచినాడు. పేర్లకు మాఱుగా అంకెలు, మాఱుపేర్లు వాడినాడు. గ్లిక్కునకు పెట్టిన మాఱుపేరునకు మహామేధావి యని యర్థము! దొంగ యేల వ్రాసియుంచెనని మీకు సందేహము కలుగవచ్చును. చికాగో, మిల్వాకీ, క్లీవ్‌లాండు, కాన్సాసు సిటీ, ఈ నాలుగు పట్టణముల ముఠాలకు ఆ సొమ్ములో వాటా గలదు. పైకమునకు జవాబు చెప్పవలసినవాడు వ్రాసికొనక తప్పదు. జూదశాల పెట్టుకొన్న పుస్తకము ప్రభుత్వమును మోసగించుటకు వ్రాసినది గనుక అబద్ధము. దొంగ వ్రాసికొన్న పుస్తకము దొంగలకు చూపవలసినది గనుక నిజము. చరిత్ర చదువువారు ఏ పత్రము ఎవరికి చూపుటకు వ్రాయబడినదో ముందుగా విచారింపవలెనని గురువులు చెప్పుదురు. దానికి ఇంతకంటె మంచి దృష్టాంతమును నేనెఱుగను.

1983లో ట్రాపికానా విచారణము, 1985లో ఆర్జెంటు విచారణము కాన్సాసు సిటీలో జరిగెను. గ్లిక్కు సాక్ష్యమిచ్చి, తన యింటిలో జరుగుచున్నది తనకు తెలియదనియు, తనను బెదిరించి అమ్మివేయుమనిరనియు చెప్పెను. థామసుకూడ సాక్ష్యమిచ్చెను. 1986 జనవరిలో ఐదుగురు నాయకులు దోషులని తీర్పయ్యెను. వారిలో చికాగో ముఠాపెద్ద జోసెఫ్ అయూపా డెబ్బదియెనిమిదేండ్ల వృద్ధుడు. ఆతనికి 28 ఏండ్లకు పైగా శిక్ష పడెను. లారీవారి పింఛను నిధి పెట్టుబడుల పెత్తనము 1977 నుండియే సంఘనాయకుల చేతినుండి తప్పించి బయటి సంస్థలకు అప్పగింపబడియుండెను.

స్టార్‌డస్టు మాత్రము అంతటితో బాగుపడలేదు. యాజమాన్యము మారినను 1983లో అచ్చటనే మరల మీగడ తీయుట బయటపడెను. ఈమారు త్రాసు కాదు, చీటీ. ఇందాక చెప్పితిని, బల్లకు బిళ్ళలు తెచ్చునపుడు చీటీ వ్రాయుదురని. బిళ్ళలు తేకయే తెచ్చినట్లు చీటీ వ్రాసి, అందఱును చేవ్రాలు చేసిరి. కాగితముమీద బల్ల గెలుపు అంతమేర తగ్గును. తగ్గినంత నగదును తీసివేసినను లెక్క సరిపోవును. నలుగురు చేవ్రాలు చేసిన దొంగతనము జరుగదని ఈ చీటీల పద్ధతి పెట్టినవారు తలచిరి. నలుగురును ఒక్కటైన సంగతి వారు తలపలేదు. మండలివారు 30 లక్షల డాలర్ల జరిమానా విధించి, నిర్వహణమును వేఱు కంపెనీకి అప్పగించిరి.

చిన్న యుద్యోగుల దొంగతనములు లేవని కాదు. 1992లో అదే స్టార్‌డస్టులో పందెముల గుమాస్తా యొకడు మధ్యాహ్న భోజనమునకని లేచి, ఐదులక్షల డాలర్ల విలువగల నోట్లు, బిళ్ళలతో వెడలిపోయెను, ఇంతవఱకు దొరకలేదు. 2002 మొదలు ఐదేండ్లపాటు ఒక ముఠా అమెరికాలోను కెనడాలోను పలు జూదశాలలలో బల్ల నడపువారికి లంచమిచ్చి, పేకముక్కలు కలిపినట్లు నటించి కలుపకుండ చేయించి, ముక్కల వరుస నెఱిగి ఆడి, 70 లక్షల డాలర్లవఱకు గెలిచెను. 2007లో పట్టుబడిరి.

వీరందఱిలోను విచిత్రమైనవాడు రొనాల్డ్ హారిసు. ఆతడు జూదశాల యుద్యోగి కాడు. మండలిలో యంత్రములు పరీక్షించు నిపుణుడు. యంత్రములోపల కంప్యూటరు సూచనలుగల చిన్న ముక్క యుండును. అది మార్చబడలేదని నిర్ధారించుటకు జూదశాలలకు పోయి పరీక్షించుట ఆతని పని. ఆతడు పరీక్షించునపుడే, కొన్ని నాణెములను తానెఱిగిన యొక క్రమమున వేసినచో పెద్దమొత్తము రాల్చునట్లు ఆ సూచనలను మార్చివైచుచుండెను. తోడివారు పోయి నాణెములు వేసి సొమ్ము తెచ్చుకొందురు. కంచెయే చేను మేసినది. తనిఖీచేయువాని తనిఖీ ఎవరు చేయుదురు? ఆశ యంతటితో ఆగక, 1995 జనవరిలో అట్లాంటిక్ సిటీలో అంకెలాటలో రాబోవు అంకెలను తన గదిలోని కంప్యూటరుతో ముందుగా కనుగొని, స్నేహితునిచేత పందెము వేయించెను. ఎనిమిది అంకెలలో ఎనిమిదియు సరిపోయి లక్ష డాలర్లు వచ్చినవి. అట్టి గెలుపు మిక్కిలి యరుదు. గెలిచినవాడు సంతోషముతో గంతులు వేయక రాయివలె నిలుచుండెనట! అధికారులకు అనుమానము కలిగెను. గదికి పోయి చూడగా హారిసు లేడు. కాని ఆతని సామగ్రి యుండెను. 1998లో ఏడేండ్ల శిక్ష పడి, రెండేండ్లకు విడుదలయ్యెను; నెవాడా జూదశాలలలో అడుగుపెట్టరానివారి పట్టికలో ఆతని పేరెక్కినది. ఆ పట్టికను పెట్టినది 1960లో ఆతడు పనిచేసిన మండలియే.

స్టార్‌డస్టు భవనమును 2007 మార్చి 13న మందుగుండుతో కూల్చివేసిరి. ఆ స్థలమున 2021లో వేఱొక జూదశాల వెలసెను. కాస్టెల్లో జేబులో లెక్క దొరకిన ట్రాపికానాను 2024 అక్టోబరులో కూల్చిరి. స్లాట్ యంత్రములలో నేడు చాలవఱకు నాణెములు వేయుట లేదు. నోటు త్రోసి ఆడుదురు. గెలిచినవానికి యంత్రము ఒక కాగితపు చీటీ అచ్చువేసి యిచ్చును. దానిని ఖజానాలో చూపి పైకము పుచ్చుకొందురు. ప్రతి యాటయు ఆడినక్షణమే కంప్యూటరు పద్దున పడును. తూచుటకు నాణెములు లేకపోగా లెక్కగదులలోని త్రాసులకు పని తప్పినది.